ఒక నంబరు, రెండు ఫోన్లు

నేను ఒక నల్ల పెట్టెను. అరచేతిలో పట్టేంత ఉంటాను. ముందువైపు వరసగా పచ్చ దీపాలు, వెనకవైపు వైర్లు గుచ్చే రంధ్రాలు. నన్ను చూసినవాళ్ళలో కొందరు టీవీ తాలూకు పెట్టె అనుకుంటారు, ఇంకొందరు దోమల మందు మిషను అనుకుంటారు. అడాప్టరు అన్నది నా పేరు. అయితే ఈ దేశంలో సెల్‌ఫోను చార్జరు దగ్గర్నుంచి ప్రతిదాన్నీ అదే పేరుతో పిలుస్తారు కాబట్టి ఆ పేరు మీద నాకు పెద్ద అభిమానమేమీ లేదు.

నా పని చెబుతాను. పాత ఫోనుకి తీగ తప్ప వేరే లోకం తెలియదు. ఇంటర్నెట్టుకి అంకెలు తప్ప ఇంకేమీ అర్థం కావు. ఆ ఇద్దరి మధ్యా కూర్చుని, ఇటు మాట్లాడిన మాటను చిన్నచిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా చిరునామా వేసి అటు పంపిస్తాను. అటునుంచి వచ్చిన ముక్కల్ని మళ్ళీ మాటగా అతికించి చెవిలో వేస్తాను. మాటలు మోస్తే చాలు, వాటి అర్థంతో నాకు పనిలేదని నన్ను తయారుచేసినవాళ్ళు అనుకున్నారు. రోజంతా మోస్తూ ఉంటే ఎంతోకొంత అంటకుండా ఎలా ఉంటుంది?

నేను పుట్టింది సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో. నాలాంటివే కొన్ని వేల పెట్టెలు నాతోపాటు పుట్టాయి. మొదట నన్ను కొన్నది హైదరాబాదులో అప్పులిప్పిస్తామని ఫోన్లు చేసే ఆఫీసు. అన్నం ముందు కూర్చున్నవాళ్ళకి, ఆస్పత్రిలో పడుకున్నవాళ్ళకి, ఆఖరికి శవం దగ్గర కూర్చున్నవాళ్ళకి కూడా ఫోను చేసి "లోన్ కావాలా సార్" అని అడిగే ఆడపిల్లల గొంతులు తీసుకెళ్ళేదాన్ని. వాళ్ళు తిట్టిన తిట్లు తెచ్చి ఈ పిల్లల చెవుల్లో పోసేదాన్ని. తిట్లు విని, ఒక గుక్క నీళ్ళు తాగి, మళ్ళీ అదే నవ్వుతో తర్వాతి నంబరు నొక్కేవాళ్ళు. ఆ పిల్లల మీద నాకు ఎంతో గౌరవం ఉండేది. ఒకరోజు ఆఫీసుకి తాళం పడింది. కుర్చీలూ బల్లలతోపాటు నన్నూ పాత సామాను కొట్టుకి తోలేశారు.

అక్కణ్ణించి నన్ను ఏరుకొచ్చినవాడు మస్తాన్‌వలి. రేపల్లెలో ఇంటింటికీ ఇంటర్నెట్ తీగలు లాగేది అతనే. చేతిలో స్క్రూడ్రైవరు, నోట్లో వక్కపొడి, భుజాన వైరు చుట్ట. అతను నన్ను సంచిలో వేసుకుని తిన్నగా సన్నాయి వాళ్ళింటికి తీసుకెళ్ళాడు.

ఆ ఇంటి సంగతి కాస్త చెప్పాలి. వీరరాఘవులు సన్నాయి విద్వాంసుడు. అతని తమ్ముడు ఆదిశేషు డోలు వాయిస్తాడు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి జరిగిందంటే పందిట్లో వీళ్ళిద్దరి మేళం ఉండాల్సిందే. డీజేలు వచ్చాక బేరాలు తగ్గాయి గానీ, తాళి కట్టేవేళకి మాత్రం సన్నాయి కావాలనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అలాంటి అన్నదమ్ములు ఉన్నట్టుండి విడిపోయారు. ఇంటి నడవకి అడ్డంగా గోడ కట్టుకున్నారు. మంచాలు పంచుకున్నారు, గుండిగలు పంచుకున్నారు. పంచుకోవడం కుదరనిది ఒక్కటే మిగిలింది, ఫోను నంబరు.

అది వాళ్ళ నాన్న పెట్టించిన నంబరు. డోలు ముసుగు మీద ఉంది, ఊళ్ళలో పాతకాలం గోడల మీద ఉంది, పురోహితుల నోళ్ళలో ఉంది. ఇద్దరికీ సెల్‌ఫోన్లున్నా మేళం మాట్లాడుకునేవాళ్ళందరూ ఆ నంబరుకే చేస్తారు. నాకంటే నాకని ఇద్దరూ పట్టుబట్టి ఉండగా, వీధిలో మురుగుకాలువ తవ్వి భూమిలో ఉన్న ఫోను తీగను తెంపేశారు. తీగ మళ్ళీ వెయ్యరట. కావాలంటే అదే నంబరు ఇంటర్నెట్ లైను మీద ఇస్తారట. అప్పుడు మస్తాన్ నన్ను చూపించి, "దీనికి రెండు ఫోన్లు తగిలించొచ్చు బాబాయ్. ఒకే నంబరు, రెండిళ్ళలోనూ మోగుద్ది. ముందు ఎవరెత్తితే వాళ్ళది," అన్నాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు. గోడకి మధ్యలో గూడు చేసి నన్ను అందులో కూర్చోబెట్టారు. ఒక తీగ అన్నగారి వైపు, ఒక తీగ తమ్ముడి వైపు.

నన్ను దారిలో పెట్టడం అంత తేలిగ్గా అవలేదు. మస్తాన్ ఫోనెత్తి నక్షత్రం గుర్తు టకటకా నొక్కాడు. అలా నొక్కితే నేను నా చిరునామా నోటితో చెప్పాలి. నేను నోరు విప్పేది ఆ ఒక్కసారే, అదీ ఇంగ్లీషులో, ఆడగొంతుతో. పక్కనే నిలబడ్డ వీరరాఘవులు రిసీవరు లాక్కుని విన్నాడు.

"ఎవర్రా ఈవిడ? మన లైన్లోకెందుకొచ్చింది?"

"ఎవరూ కాదు పెద్దాయనా, పెట్టె మాట్లాడతంది."

"పెట్టెకి మనతో ఏం మాటలు?" అని ఆయన రిసీవరు మస్తాన్ చేతిలో పెట్టేశాడు.

మస్తాన్ లాప్‌టాప్‌లో నా లోపలి పేజీ తెరిచాడు. పాత ఆఫీసు నంబర్లన్నీ ఇంకా నాలోనే ఉన్నాయి. వాటిని తుడిచేశాడు. కొత్త నంబరు రాశాడు, రహస్యపదం రాశాడు, అందులో ఒక అక్షరం చిన్నది పెద్దదై లైను అందక కాసేపు తల పట్టుకున్నాడు. చివరికి నా మూడో దీపం పచ్చగా వెలిగింది. డోలు దగ్గర ఇన్నేళ్ళూ కూర్చున్నందువల్ల ఆదిశేషుకి వినికిడి కాస్త మందం, అందుకని అతని వైపు గొంతు పెంచి పెట్టాడు. ఆ ఒక్క పనికే మస్తాన్ అంటే నాకు ఇష్టం ఏర్పడింది.

అంతా అయ్యాక పక్కవీధిలోని తన కొట్టు నుంచి పరీక్షకని ఫోను చేయించాడు. రెండు ఫోన్లూ మోగాయి. ఆ మోత వినగానే రెండిళ్ళలోనూ గగ్గోలు పుట్టింది. నేను పరాయి దేశపు అలవాటుతో ఒకటే పొడుగ్గా మోగాను. వాళ్ళ లెక్కలో పొడుగు మోత అంటే ట్రంకాలు. ట్రంకాలంటే ఎక్కడో దూరాభారం, ఏ చావు కబురో. వీరరాఘవులు కండువా జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చి, "హలో, ఎక్కణ్ణించీ? గట్టిగా మాట్లాడండీ," అని ఊరంతా వినపడేలా అరిచాడు. పక్కవీధి నుంచి మాట్లాడిన మనిషి బెదిరిపోయి పెట్టేశాడు. గోడకి అవతల ఆదిశేషు కూడా అంత గట్టిగానూ అరిచాడని నాకు తెలుసు, అయితే లైను అప్పటికే అన్నగారికి దొరికేసింది.

"దేశం మార్చాలి బాబాయ్, ఇది మన మోత కాదు," అంటూ మస్తాన్ నవ్వాపుకుని ఏదో నొక్కాడు. అప్పట్నుంచి నేను అందరి ఫోన్లలాగే రెండేసి మోతలు మోగడం నేర్చుకున్నాను. వెళ్ళబోతూ అతను ఇంకొక మాట కూడా చెప్పాడు, నక్షత్రం నొక్కి సున్నా నొక్కితే అవతలింట్లో మోగుతుందని. ఇద్దరూ వినీ విననట్టు ఊరుకున్నారు.

వాళ్ళ గొడవేమిటో నాకు ఆ వారంలోనే తెలిసింది. వీరరాఘవులు భార్య అనసూయమ్మ చీరాలలో ఉన్న చెల్లెలికి ఫోను చేసి చెప్పుకుంది.

"మీ బావకి తమ్ముడి మీద కోపం తగ్గలేదే. ఆ రోజు పెళ్ళిలో ముహూర్తం ముందు ఈయన సన్నాయి వినపడకుండా డోలు మోతెక్కించాడంట. జనం డోలు బాగుందని చప్పట్లు కొట్టారంట. నిండు పందిట్లో నా సన్నాయిని ముంచాడు, వాడితో మళ్ళీ కూర్చోనంటాడు."

"మరి మీ మరిది ఏమంటాడే?"

"అదేగా వింత. ఆ అబ్బాయి ఒక్క మాట అనలా. తలొంచుకుని పడతా ఉంటాడు."

ఆమె దిగులు నాకు బాగా అర్థమైంది. సన్నాయి ఉన్నచోట డోలు ఉండాలి. పొన్నూరు నుంచి వేరే డోలు విద్వాంసుణ్ణి పిలిపించుకుంటున్నాడు అన్నగారు. తమ్ముడు నిజాంపట్నం నుంచి ఒక సన్నాయి మనిషిని కుదుర్చుకున్నాడు. రెండు మేళాలూ ఎక్కడా రక్తి కట్టడం లేదని ఫోన్లో జనం చెప్పుకోవడం నేనే విన్నాను. ఇలాగే సాగితే ఆ నంబరుకి ఫోను చేసేవాళ్ళే ఉండరని అనసూయమ్మ భయం. అనసూయమ్మా, ఆదిశేషు భార్య నాంచారమ్మా మాత్రం పెరటి గోడ దగ్గర కూరలు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు. మగవాళ్ళ పంతాల సంగతి ఆ ఆడవాళ్ళకి పెద్దగా పట్టినట్టు లేదు.

ఫోను మోగినప్పుడల్లా పోటీయే. వీరరాఘవులు మంచం తెచ్చి ఫోను పక్కన వేసుకున్నాడు. ఆదిశేషు భోజనానికి కూర్చున్నా ఫోను తాడు సాగదీసి పళ్ళెం పక్కనే పెట్టుకునేవాడు. ఓడినవాడికి వట్టి గుయ్యిమనే చప్పుడే వినిపించేది. అది విని రిసీవరు ఠపీమని పెట్టేసేవాడు. పాపం నా మీదే కోపం చూపించేవాళ్ళు.

మాఘమాసం వచ్చింది. ఒక ఉదయం భట్టిప్రోలు దగ్గర్నుంచి సుబ్బారాయుడనే పెద్దరైతు ఫోను చేశాడు. మూడు తరాలుగా వాళ్ళింట శుభకార్యాలకి ఈ మేళమే. కూతురి పెళ్ళి. ఫోనెత్తింది వీరరాఘవులు.

"తాంబూలం అందుకున్నట్టేగా?" అన్నాడు సుబ్బారాయుడు.

"అందుకున్నట్టే," అన్నాడు వీరరాఘవులు.

వాళ్ళలో ఆ మాటకున్న బలం నేను అప్పుడే చూశాను. పూర్వం ఇంటికొచ్చి తమలపాకులూ వక్కలూ చేతిలో పెట్టి మేళం కుదుర్చుకునేవాళ్ళట. ఇప్పుడు ఫోన్లో ఆ మాట అంటే ఆకూవక్కా చేతిలో పడ్డట్టే లెక్క. అన్నాక ఇక ఎవరొచ్చి ఎంత ఇస్తానన్నా ఆ రోజు వాళ్ళదే. మాట వెనక్కి తీసుకుంటే ఆ మేళాన్ని ఇంకెవరూ పిలవరు.

అదే సాయంత్రం సుబ్బారాయుడి భార్య, భర్త అప్పుడే మాట్లాడాడని తెలియక, తనే ఫోను చేసింది. ఈసారి ఎత్తింది ఆదిశేషు. ఆవిడా అదే మాట అడిగింది. అతనూ అందుకున్నట్టే అన్నాడు. నేను రెండు మాటలూ మోశాను. చెబుదామంటే నాకు నోరుంది గానీ చిరునామా చెప్పడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మర్నాడు పెరటి గోడ దగ్గర తోడికోడళ్ళ మాటల్లో సంగతి బయటపడింది. ఒక పెళ్ళి, ఒక ముహూర్తం, రెండు మేళాలు. ఒకే పందిట్లో రెండు మేళాలు కూర్చోవడం ఎక్కడా లేదు. ఒకరు తప్పుకోవాలి. తప్పుకుంటే మాట పోతుంది. వీరరాఘవులు ఇంట్లో ఆ పూట ఎవరూ సరిగా అన్నం తినలేదు. అనసూయమ్మ చీరాల చెల్లెలితో, "ఈ పెళ్ళి సరిగా జరగకపోతే మీ బావ సన్నాయి పెట్టెలో పెట్టేస్తాడే, ఆయన్ని నేనెరుగుదును," అంది. 

భోజనాలయ్యాక వీధంతా కునుకు తీసే వేళలో రెండో వైపు రిసీవరు లేచింది. నక్షత్రం, తర్వాత సున్నా. నేను నమ్మలేకపోయాను. అంతవరకూ ఎవరూ వాడని దారి అది. అన్నగారి వైపు ఫోను మోగించాను. వీరరాఘవులు ఏదో కొత్త బేరం అనుకుని ఎత్తాడు.

"అన్నయ్యా, నేనే."

వీరరాఘవులు రిసీవరు పెట్టెయ్యలేదు. 

"భట్టిప్రోలు పెళ్ళికి నేను రానులే. ఒంట్లో బాగాలేదని సుబ్బారాయుడు గారితో చెప్పేస్తా. నువ్వే వెళ్ళు."

"నువ్వు చెప్పేదేంటి? వెళ్తానన్నానుగా."

"వెళ్ళు. అయితే పొన్నూరాయనకి ఒక్క మాట చెప్పు."

"ఏంటది?"

 ఎదురుగా నిలబడి ఉంటే ఆదిశేషు ఆ మాట ఎప్పటికీ చెప్పలేడు. అన్న ముందు కుర్చీలో కూడా కూర్చోని మనిషి. మధ్యన నేనూ, గోడా ఉన్నాం గనక చెప్పగలిగాడు.

"ముహూర్తం ముందు సన్నాయి మీద నువ్వెత్తుకుంటావే పెద్ద సంగతి, దాని చివరికొచ్చేసరికి నీ ఎడం భుజం కిందికి దిగుద్ది. భుజం దిగిందంటే ఊపిరి అయిపోయినట్టే. అది చూసి వెంటనే డోలు లేపమను. నువ్వు మళ్ళీ ఊపిరి తీసుకునేదాకా ఎక్కడా సందివ్వకుండా వాయించమను. ముహూర్తంలో సన్నాయి ఆగిందని ఒక్కరికి తెలిసినా ఇంక అంతేగా. నీ మొహం చూస్తే తెలవదు, నువ్వు కనపడనివ్వవు. భుజమే చూడమని చెప్పు."

 మాట ఆగినప్పుడు లైను తెగిందని మనుషులు కంగారుపడతారు, అందుకని నేను అలాంటప్పుడు చిన్న గాలి చప్పుడు కలుపుతుంటాను. ఆ రోజు చాలాసేపు కలపాల్సి వచ్చింది.

"ఎప్పట్నించిరా?" అన్నాడు చివరికి వీరరాఘవులు.

"పోయినేడాది నుంచి."

"అయితే ఆ రోజు పందిట్లో…"

"ఆ రోజూ అదే."

"మరి నేను అన్నేసి మాటలంటుంటే నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"అందరూ ఉన్నారుగా అన్నయ్యా. వదినా, నాంచారీ, మేళంలో మిగతావాళ్ళూ. వాళ్ళ ముందు నీకు ఊపిరి చాలట్లేదని ఎట్టా చెప్పేది?"

మళ్ళీ గాలి చప్పుడు. గోడకి ఒక వైపు ఒకాయన, ఇంకో వైపు ఇంకొకాయన. ఆ కాల్ ఫోను ఆఫీసుకి వెళ్ళలేదు, ఇంటర్నెట్టులోకి వెళ్ళలేదు, ఎక్కడా దానికి లెక్క లేదు. నా ఒక రంధ్రంలోంచి లోపలికొచ్చి రెండో రంధ్రంలోంచి బయటికిపోయింది. నేను మోసిన కాల్స్ అన్నిట్లోకీ అతి తక్కువ దూరం వెళ్ళినది అదే. అప్పుడు నాకు ఏడుపు వచ్చే ఏర్పాటు ఉంటే ఏడ్చేదాన్నే.

వీరరాఘవులు గొంతు మళ్ళీ మామూలుగా వచ్చింది. "పొన్నూరాయన కొత్తవాడు. నా భుజం సంగతి ఆయనకి నేర్పే ఓపిక నాకు లేదు."

"మరెట్టా?"

"ఆయన్ని రావద్దంటాను. నువ్వు నీ నిజాంపట్నం మనిషికి చెప్పుకో. ముహూర్తం పొద్దున్నే, ముందే బయల్దేరాలి. డోలు ఇవాళే ఎండలో పెట్టు."

అని పెట్టేశాడు. ఆదిశేషు రిసీవరు చాలాసేపు చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. ఆ తర్వాత పెరట్లో డోలు ఎండలో పెట్టాడని నాంచారమ్మ ఎవరితోనో ఫోన్లో చెబుతుంటే విన్నాను.  అన్నదమ్ములిద్దరూ ఎందుకు కలిశారో ఆమెకి ఇద్దరూ చెప్పలేదు.

ఇక నా సంగతి. ఆ ఎండాకాలం పిడుగుపాటుకి నా దీపాలన్నీ ఆరిపోయాయి. మస్తాన్ నా చోట కొత్త పెట్టె పెట్టి నన్ను తన కొట్లో అటక మీద పాత రిమోట్ల మధ్య పడేశాడు. ఇక్కడ బాగానే ఉంది. దుమ్ము తప్ప వేరే ఇబ్బంది లేదు. పడుకుని తలుచుకోవడానికి చాలా మాటలున్నాయి గానీ, నేను ఎక్కువగా తలుచుకునేది మాటలు కాదు. ఆ భట్టిప్రోలు పెళ్ళినాటి కాల్.

మోకాలి నొప్పి వల్ల అనసూయమ్మ పెళ్ళికి వెళ్ళలేకపోయింది. నాంచారమ్మ వెళ్ళింది. ముహూర్తం దగ్గరపడగానే పందిట్లోంచి సెల్‌ఫోనుతో ఇంటి నంబరుకి చేసి, "అక్కా, వినిపిస్తందా?" అంటూ ఫోనుని మేళం వైపు పట్టుకుంది. అనసూయమ్మ రెండు చేతులతోనూ రిసీవరు చెవికి అదుముకుంది.

నిజం చెప్పాలంటే సన్నాయి మోయడం నాకు చేతకాదు. నన్ను చేసింది మాటల కోసం. పొడుగాటి స్వరం వస్తే అది మాట కాదు, చప్పుడని నా లెక్క. సగం కోసిపారేస్తాను. ఆ రోజు మాత్రం వచ్చిన ప్రతి ముక్కనీ పోనివ్వకుండా పట్టుకుని ఆమెకి అందించాలని నా శక్తికొద్దీ ప్రయత్నించాను. సన్నాయి పైకి వెళ్ళింది. అక్కడ తిరిగింది, ఇంకా పైకి వెళ్ళింది. అంతలో ఆగిపోయింది. లైను పోయిందేమోనని చూసుకున్నాను. లైను బాగానే ఉంది. ముక్కలన్నీ వస్తున్నాయి. ఊపిరే రావడం లేదు.

వెంటనే డోలు లేచింది. సందు లేకుండా, తెంపు లేకుండా, గట్టిగా, పందిరంతా నిండేలా. దాని వెనకాల సన్నాయి మెల్లగా మళ్ళీ అందుకుంది. ఆ తర్వాత అంతా కలిసి గట్టిమేళం అయిపోయింది.

వీరరాఘవులు భార్యకి చెప్పాడో, ఆమెకి ముందునుంచే తెలుసో నాకు తెలియదు.

"మీ ఆయన అందుకున్నాడే," అంది అనసూయమ్మ.

"అందుకోవడమేంటక్కా?" అంది నాంచారమ్మ ఆ మోతలో అరుస్తూ. "ఇద్దరూ బాగానే వాయిస్తన్నారుగా."

"అవునే, బాగానే వాయిస్తన్నారు," అంది అనసూయమ్మ. అటువైపు ఎప్పుడో పెట్టేసినా, ఆమె మాత్రం రిసీవరు చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది.